పోలిష్‌లో తుంటి మార్పిడి పేషెంట్ల ప్రశ్నాపత్రం: వ్యాలిడేషన్ ఎలా చెయ్యాలి, ఎంతమంది కావాలి?

వూచ్_ఫిజియో:
అందరికీ నమస్తే. పోలండ్‌లో వూచ్‌లో ఫిజియోథెరపీ పీహెచ్‌డీ చేస్తున్నా, మా గైడ్ ఆర్థోపెడిక్ సర్జన్. తుంటి మార్పిడి చేయించుకునే పేషెంట్లు తమంతట తామే నింపే ప్రశ్నాపత్రం ఒకటి పోలిష్‌లోకి తెచ్చి, అది ఇక్కడి వాళ్ళ దగ్గర సరిగ్గా పనిచేస్తుందా లేదా అని తేల్చడం నా థీసిస్‌లో మొదటి భాగం. ఇప్పటిదాకా మా వార్డులో హారిస్ హిప్ స్కోరే నడుస్తోంది, అది 1969 నాటిది, వందకి మార్కులు, వేసేది డాక్టరు. మొన్న ఫాలో-అప్‌కి ఒక పెద్దావిడ వచ్చింది, ఎక్స్‌రే చక్కగా ఉంది, ఫైల్లో స్కోరు బ్రహ్మాండంగా ఉంది, ఆవిడేమో ఆపరేషన్ అయినవైపు తిరిగి పడుకుంటే రాత్రి మూడుసార్లు మెలకువ వస్తోంది అని నాతో చెప్పింది, ఆ మాట రాయడానికి ఆ ఫారంలో చోటే లేదు. అందుకే ఈ పని మీద నాకు చాలా పట్టుదలగా ఉంది.

గైడ్ ఏమంటారంటే, ఇంగ్లీషు బాగా వచ్చిన కొలీగ్ ఒకరు పోలిష్ చేసి పెడతారు, యాభై మందితో నింపించు, క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) తియ్యి, ఆర్టికల్ రాసెయ్ అని. నాకేమో అంత తేలిగ్గా అయ్యే పనిలా అనిపించట్లేదు. అసలు ఏ ప్రశ్నాపత్రం తీసుకోవాలి, అనువాదం ఎంతమంది చెయ్యాలి, పేషెంట్లు ఎంతమంది కావాలి, రెండోసారి నింపించాలంటే ఎన్ని రోజులు ఆగాలి? ఇలాంటిది చేసినవాళ్ళు ఉంటే కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

వార్సా_ఆర్థో:
తమ్ముడూ, ఏదైనా మొదలెట్టే ముందు ఇప్పటికే పోలిష్‌లో ఏమున్నాయో చూసుకో. హూస్ అనే ప్రశ్నాపత్రం ఉంది కదా, స్వీడన్ వాళ్ళు 2003లో పబ్లిష్ చేసింది, 40 ప్రశ్నలు, నొప్పి, ఇతర లక్షణాలు, రోజువారీ పనులు, ఆటలు-వ్యాయామం, జీవన నాణ్యత అని ఐదు భాగాలు, ఒక్కో భాగానికి 0 నుంచి 100 దాకా విడిగా స్కోరు. దాని పోలిష్ వెర్షన్ తుంటి మార్పిడి పేషెంట్ల మీదే వ్యాలిడేట్ చేసి 2020లో పబ్లిష్ చేశారు, పైగా అది ఉచితం. ఇంకో మంచి విషయం ఏంటంటే వోమాక్ అని కీళ్ళ అరుగుదలకి వాడే పాత ప్రశ్నాపత్రం ఉంది, దానిలోని 24 ప్రశ్నలూ హూస్ లోపలే ఉన్నాయి, కాబట్టి పాత స్టడీలతో పోల్చుకోవడానికీ పనికొస్తుంది. నీ అవసరం దాంతో తీరిపోతే ఇంకోటి తేవాల్సిన పనే లేదు, ఉన్నదాన్ని వాడుకుని థీసిస్‌లో తర్వాతి భాగానికి వెళ్ళిపో.

అది కాదు, పొట్టిది కావాలి అంటే ఆక్స్‌ఫర్డ్ హిప్ స్కోర్ ఉంది, 1996 నాటిది, 12 ప్రశ్నలు, గత నాలుగు వారాల గురించి అడుగుతుంది. ఇంగ్లండ్‌లో 2009 నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వాళ్ళు దేశం మొత్తం మీద ఆపరేషన్ ముందూ తర్వాతా దీన్నే నింపిస్తున్నారు. ఒక్క జాగ్రత్త, పాత పేపర్లలో ఒక్కో ప్రశ్నకి 1 నుంచి 5, మొత్తం 12 నుంచి 60, ఎక్కువ వస్తే పరిస్థితి బాలేదని అర్థం. ఇప్పుడు వాడే పద్ధతిలో 0 నుంచి 4, మొత్తం 48, ఎక్కువ వస్తే మంచిది. రెండూ తలకిందులు, పేపర్లు చదివేటప్పుడు ఏ పద్ధతో చూసుకోకపోతే తికమక పడతావు. హక్కులు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళ లైసెన్సింగ్ సంస్థ దగ్గర ఉంటాయి, ఏయే భాషల్లో ఇప్పటికే ఉందో, కొత్త అనువాదానికి వాళ్ళ షరతులేంటో వాళ్ళనే అడగాలి. అనుమతి చేతికి రాకుండా ఒక్క వాక్యం కూడా అనువదించొద్దు, అంతా అయ్యాక వాళ్ళు కాదంటే రెండేళ్ళ పని పోతుంది.

మీ గైడ్ చెప్పిన ఒక్క అనువాదకుడి పద్ధతి మాత్రం ఇప్పుడు ఏ మంచి జర్నల్లోనూ నడవదు, ఆయనకి గౌరవంగానే చెప్పు.

వూచ్_ఫిజియో:
థాంక్యూ అన్నా, హూస్ పోలిష్ వెర్షన్ చదివాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో డెబ్బై దాటినవాళ్ళు చాలామంది, 40 ప్రశ్నలంటే సగంలోనే అలసిపోతున్నారు, పరుగు, గొంతుక్కూర్చోవడం లాంటివి అడిగే ఆటల భాగం దగ్గర చాలామంది ఖాళీగా వదిలేస్తున్నారు. అందుకే 12 ప్రశ్నలదే తీసుకుందాం అని గైడ్‌తో మాట్లాడాను, లైసెన్స్ కోసం రాస్తున్నాం. అనుమతి వస్తే అనువాదం దగ్గర్నుంచి ఎలా చెయ్యాలో చెప్పరా ఎవరైనా?

పోజ్నాన్_అక్క:
నేను ఇక్కడ రిహాబ్‌లో పనిచేస్తున్నా, ఇలాంటి అనువాదం పనిలో రెండుసార్లు కూర్చున్నాను కాబట్టి ఆ భాగం నేను చెప్తా. లైసెన్స్ ఇచ్చేవాళ్ళు తమ సొంత పద్ధతి పంపిస్తే అదే పాటించాలి, లేకపోతే 2000లో స్పైన్ జర్నల్లో వచ్చిన గైడ్‌లైన్సే చాలామంది వాడతారు. ఇద్దరు విడివిడిగా పోలిష్‌లోకి చేస్తారు, ఇద్దరికీ పోలిష్ మాతృభాష అయ్యుండాలి, ఒకరికి వైద్యం తెలిసుండాలి, రెండోవాళ్ళకి ఇది ఏ స్టడీయో కూడా తెలియకూడదు. తర్వాత ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కటి చేస్తారు. అప్పుడు ఇంగ్లీషు మాతృభాష అయిన ఇద్దరు, అసలు ప్రశ్నాపత్రం చూడనివాళ్ళు, తిరిగి ఇంగ్లీషులోకి చేస్తారు. ఆ తర్వాత కమిటీ కూర్చుని ప్రతి ప్రశ్న మీదా వాదించుకుని, ఎందుకు ఏ నిర్ణయం తీసుకున్నారో రాసి పెడుతుంది. ఆ రాసిన కాగితాలు జాగ్రత్తగా దాచుకో, రివ్యూయర్లు అడుగుతారు. చివరికి 30 నుంచి 40 మంది పేషెంట్లతో ప్రీటెస్ట్.

నన్నడిగితే మొత్తం పనిలో అసలు ప్రాణం ఈ ప్రీటెస్ట్‌లోనే ఉంది, చాలామంది దీన్నే తూతూమంత్రంగా కానిచ్చేస్తారు. పేషెంటుకి ఫారం ఇచ్చి "అర్థమైందా" అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు, ఇక్కడి పెద్దవాళ్ళు తెల్లకోటు ముందు మరీ మొహమాటపడతారు. అలా కాకుండా పక్కన కూర్చో, ప్రశ్న పైకి చదవమను, చదివాక ఈ ప్రశ్న దేని గురించి అడుగుతోందో నీ మాటల్లో చెప్పమను, జవాబు టిక్ పెట్టాక ఎందుకు అక్కడే పెట్టారో అడుగు. అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు.

ఉదాహరణకి నొప్పి ప్రశ్నే తీసుకో. తుంటి కీలు అరిగినవాళ్ళకి నొప్పి చాలాసార్లు గజ్జల్లో వస్తుంది, తొడ ముందుభాగంలో వస్తుంది, కొందరికి మోకాల్లో కూడా వస్తుంది. ఫారంలో "తుంటి నొప్పి" అని చదివి చేత్తో పక్కన ఎముక మీద తట్టి, ఇక్కడైతే ఏం నొప్పి లేదండి అని "లేదు" మీద టిక్ పెట్టేస్తారు, లేచేటప్పుడేమో గజ్జ పట్టుకుని మూలుగుతారు. ఆ టిక్ నీ లెక్కల్లోకి వెళ్ళాక దాన్ని ఏ స్టాటిస్టిక్సూ పట్టుకోలేదు. అందుకే ఇంటర్వ్యూలో వేలితో చూపించమని అడుగు. అసలు ప్రశ్న మార్చే హక్కు నీకు లేకపోవచ్చు, కానీ ఇది గమనించినట్టు కమిటీకీ హక్కుదారులకీ రాస్తే పైన సూచనల్లో ఒక వాక్యం చేర్చడానికి ఒప్పుకోవచ్చు.

మెట్ల ప్రశ్న కూడా అంతే. పోలండ్‌లో పాత బ్లాకుల్లో నాలుగంతస్తులు ఉన్నా లిఫ్టు ఉండదు, పైన ఉండేవాళ్ళు తప్పనిసరై ఎక్కుతారు, ఒకావిడ మాత్రం నొప్పి మొదలయ్యాక కింద అంతస్తులో ఉండే కూతురింటికి మారిపోయింది, నాలుగు వారాలుగా మెట్లే ఎక్కలేదు, ఆవిడ ఏం టిక్ పెట్టాలి? ఎక్కలేక ఎక్కలేదా, ఎక్కే అవసరం రాక ఎక్కలేదా అన్నది ఫారం అడగదు. ఇంటి పనుల ప్రశ్న దగ్గర జావ్‌కా, అదే ఊరవతల చిన్న తోటలు ఉంటాయి కదా వీళ్ళకి, అక్కడ తవ్వడం కూడా కలుపుకోవాలా అని అడుగుతారు. ఇలాంటి ప్రశ్నలకి ఎవరు నింపించినా ఒకే జవాబు చెప్పేలా ఒక పేజీ రాసుకుని పెట్టుకోండి.

పోలిష్ వ్యాకరణం సంగతి నీకు తెలిసే ఉంటుంది, భూతకాలం క్రియ ఆడవాళ్ళకి ఒకలా మగవాళ్ళకి ఒకలా ఉంటుంది, గత నాలుగు వారాల గురించి అడిగే ప్రతి ప్రశ్నలో ఇది తగులుతుంది. ఒకే వాక్యంలో రెండు రూపాలూ గీతలు పెట్టి ఇరికిస్తే చూపు తక్కువైన పెద్దవాళ్ళు ఆ గీతల దగ్గరే ఆగిపోతారు. ఆడవాళ్ళకో కాగితం మగవాళ్ళకో కాగితం వేరుగా అచ్చు వెయ్యొచ్చు, లేదా "ఎంత ఇబ్బంది" అని నామవాచకంతో అడిగేలా వాక్యం తిప్పుకోవచ్చు, నాకు రెండోదే నచ్చుతుంది. అక్షరాలు పెద్దగా వెయ్యి, ఒక పేజీలో అన్నీ ఇరికించకు.

జవాబుల వరుస కూడా ఓసారి పరీక్షించు. కొంచెం, మధ్యస్థం, తీవ్రం లాంటి మాటలు ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాసి కలిపేసి, తక్కువ నుంచి ఎక్కువకి పేర్చమని పేషెంట్లకే ఇవ్వు. అందరూ ఒకేలా పేరిస్తే సరే, రెండు చీటీలు తారుమారు అవుతుంటే ఆ మాట మార్చాల్సిందే.

లెక్కల_మాస్టర్:
అక్క చెప్పినదానికి నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. ఇక నా వంతు లెక్కలు.

ఎంతమంది అన్నదానికి: కాస్మిన్ అని గైడ్‌లైన్స్ ఉన్నాయి, ఇలాంటి స్టడీ నాణ్యత తూచడానికి రివ్యూయర్లందరూ వాడేవి, అందులో 100 మంది ఉంటే చాలా మంచిది, 50 నుంచి 99 అయితే పర్లేదు అన్నట్టు ఉంటుంది. ఫ్యాక్టర్ అనాలిసిస్ (ఏ ప్రశ్నలు ఒక గుంపుగా కలుస్తున్నాయో చూసే లెక్క) చేస్తే ప్రశ్నల సంఖ్యకి ఏడు రెట్లు, పైగా కనీసం 100 ఉండాలి. నీకు 12 ప్రశ్నలే కాబట్టి 84, అంటే 100 దాటితే చాలు, అదే హూస్ అయితే 280 మంది కావాల్సొచ్చేది. ఏడాది తర్వాత ఫాలో-అప్‌కి కొందరు రారు కదా, ఆ లెక్కన మొదట్లోనే ఎక్కువమందిని చేర్చుకో.

ఆల్ఫా గురించి మీ గైడ్‌కి ఉన్న నమ్మకం చాలామందికి ఉంది. ఆల్ఫా 0.70 నుంచి 0.95 మధ్య ఉండాలి అంటారు, 0.95 దాటితే సంబరపడక్కర్లేదు, ఒకే ప్రశ్నని మాటలు మార్చి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నావేమో అని అనుమానించాలి. ప్రశ్నలు పెరిగేకొద్దీ ఆల్ఫా దానంతటదే పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆల్ఫా చెప్పేది ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి కదులుతున్నాయో మాత్రమే, ఇదే మనిషి మారకుండా ఉంటే రెండు వారాల తర్వాత ఇవే జవాబులు ఇస్తాడా అన్నది అది చెప్పదు. దానికి రెండోసారి నింపించాల్సిందే, ఐసీసీ (రెండుసార్ల స్కోర్లు ఎంత కలుస్తున్నాయో చెప్పే అంకె) తియ్యాల్సిందే, కనీసం 0.70 రావాలి.

ఐసీసీ తీసేటప్పుడు ఎస్‌పీఎస్‌ఎస్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ వాడితే డిఫాల్ట్‌గా "కన్సిస్టెన్సీ" ఉంటుంది, దాన్ని "ఆబ్సల్యూట్ అగ్రిమెంట్"కి మార్చు. రెండోసారి అందరి స్కోరూ మూడు మూడు పాయింట్లు పెరిగిందనుకో, కన్సిస్టెన్సీకి అది కనపడనే కనపడదు. ఏ మోడల్ వాడావో పేపర్లో స్పష్టంగా రాయి, అది ఇచ్చే రెండు విలువల్లో సగటుది కాకుండా సింగిల్ మెజర్ (ఒక్కసారి కొలతకి వర్తించే) విలువే రాయి.

తర్వాత ఐసీసీ నుంచి కొలతలో పొరపాటు ఎంతో తియ్యి. ఉదాహరణకి స్టాండర్డ్ డీవియేషన్ (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) 10, ఐసీసీ 0.90 అనుకో. ఒకటిలోంచి 0.90 తీసేసి వర్గమూలం కట్టి 10తో గుణిస్తే 3.16 వస్తుంది, దాన్ని 1.96తో, 2కి వర్గమూలంతో గుణిస్తే దాదాపు 8.8. అంటే 48 మార్కుల స్కేలు మీద ఒక పేషెంటు స్కోరు 9 పాయింట్లు కదిలేదాకా, ఆయన నిజంగా మెరుగయ్యాడో లేక కొలతలోనే ఊగిందో చెప్పలేం. 0.90 ఐసీసీ చూసి అందరూ ఆహా అంటారు, ఈ లెక్క వేసి చూస్తేనే ఒక్క మనిషి గురించి మాట్లాడటానికి ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది. 100 మంది గుంపు సగటు గురించైతే ఇదే విలువని 10తో (100కి వర్గమూలం) భాగించుకోవచ్చు, అక్కడ ఇబ్బంది లేదు.

వ్యాలిడిటీకి, అంటే కొలవాల్సిందే కొలుస్తోందా అన్నదానికి, పక్కన ఇంకో ప్రశ్నాపత్రం పెట్టి పోల్చాలి, పోలిష్ హూస్ ఎలాగూ ఉంది, మొత్తం ఆరోగ్యం గురించి అడిగే ఎస్‌ఎఫ్-36, ఈక్యూ-5డీ కూడా పోలిష్‌లో ఉన్నాయి. కానీ డేటా చూసే ముందే ఊహలు రాసి పెట్టుకోవాలి. ఒకే విషయాన్ని కొలిచే వాటితో కోరిలేషన్ 0.50 పైన రావాలి, మానసిక ఆరోగ్యం లాంటి దూరపు వాటితో అంతకంటే తక్కువ రావాలి, ఇలా ఒక ఎనిమిదో పదో రాసుకుని వాటిలో 75 శాతం నిజమైతే పాస్. డేటా చూశాక రాసిన ఊహకి విలువ లేదు.

వూచ్_ఫిజియో:
మాస్టారూ, చాలా చాలా థాంక్స్, ఆ 9 పాయింట్ల లెక్క గైడ్‌కి చూపించాను, ఆయనే ఇంకా పెద్ద శాంపిల్ తీసుకుందాం అన్నారు. ఒక్క సందేహం మిగిలింది. రెండోసారి ఎవరితో నింపించాలి, ఆపరేషన్‌కి ముందు ఉన్నవాళ్ళతోనా, అయినవాళ్ళతోనా? ఆపరేషన్ అయినవాళ్ళు ఆరు వారాలకి ఎలాగూ వస్తారు కాబట్టి వాళ్ళతో తేలిక కదా అంటున్నారు మా వార్డులో.

లెక్కల_మాస్టర్:
ఆరు వారాలప్పుడు వద్దు, ఖచ్చితంగా వద్దు. అప్పుడు పేషెంటు వారం వారం మారుతుంటాడు, ఊతకర్ర వదిలేస్తుంటాడు, నిద్ర బాగుపడుతుంటుంది. రెండు వారాల్లో స్కోరు మారితే అది ప్రశ్నాపత్రం తప్పా, మనిషి కోలుకున్నాడా అని విడదీయలేవు. రెండోసారి పరీక్ష మొత్తం ఆధారపడేది మనిషి మారలేదు అన్నదాని మీదే.

ఏడాది దాటినవాళ్ళు స్థిరంగానే ఉంటారు, కానీ వాళ్ళలో చాలామంది పై మార్కుల దగ్గరే గుంపుగా చేరిపోతారు, మనుషుల మధ్య తేడా తగ్గిపోతే ఐసీసీ కూడా పడిపోతుంది, ప్రశ్నాపత్రంలో ఏ లోపమూ లేకపోయినా సరే. అలాగని ముందువాళ్ళనీ తర్వాతవాళ్ళనీ కలిపేస్తే తేడా ఒక్కసారిగా పెరిగి ఐసీసీ అందంగా వస్తుంది, అది కూడా నమ్మదగ్గది కాదు. రెండు గుంపులకీ విడిగా లెక్క వెయ్యి. పై మార్కు గానీ అట్టడుగు మార్కు గానీ 15 శాతం కంటే ఎక్కువమందికి వచ్చిందా అన్నది కూడా రెండు గుంపుల్లో విడిగా చూడు. ఏడాది తర్వాత గుంపులో పై మార్కు వాళ్ళు ఎక్కువైపోతే, 2012లో వచ్చిన ఫర్గాటెన్ జాయింట్ స్కోర్ లాంటిది తోడు పెట్టుకోవాలేమో ఆలోచించు, అది కృత్రిమ కీలు ఉందన్న సంగతి ఎంత మర్చిపోగలుగుతున్నారు అని అడుగుతుంది కాబట్టి బాగా కోలుకున్నవాళ్ళ మధ్య కూడా తేడా పట్టుకోగలదు.

పోజ్నాన్_అక్క:
ఇక్కడ ఎన్‌ఎఫ్‌జడ్ (ప్రభుత్వ ఆరోగ్య నిధి) క్యూలో ఉన్నవాళ్ళే నీకు సరిగ్గా సరిపోతారు. ఆపరేషన్ తారీఖు కోసం నెలల తరబడి ఎదురుచూస్తుంటారు, ఆ రెండు వారాల్లో పెద్దగా మార్పు ఉండదు. కానీ అలాగే వదిలెయ్యకు, రెండో ఫారం పైన ఒక్క ప్రశ్న పెట్టు: మొదటిసారి నింపినప్పటికంటే మీ తుంటి బాగుందా, అలాగే ఉందా, పాడైందా అని. అలాగే ఉంది అన్నవాళ్ళనే లెక్కలోకి తీసుకో. మధ్యలో కీలులోకి ఇంజెక్షన్ చేయించుకున్నారా, కొత్త నొప్పి మాత్ర మొదలెట్టారా అని కూడా అడుగు.

రెండోసారి ఫోన్లో అడిగేద్దాం అని మాత్రం అనుకోకు. మొదటిసారి కాగితం మీద ఒంటరిగా నింపి, రెండోసారి నీ గొంతు విని జవాబు చెప్తే అవి రెండు వేరు వేరు కొలతలు. స్టాంపు అంటించిన కవరు, రెండో ఫారం మొదటిరోజే చేతికిచ్చి పంపించు, ఏ తారీఖున నింపాలో కవరు మీద పెద్దగా రాయి, ఆ రోజు ఫోన్ చేసి గుర్తు మాత్రం చెయ్యి.

వార్సా_ఆర్థో:
ఇంకో రెండు మాటలు. బయోఎథిక్స్ కమిటీకి ముందే అప్లై చెయ్యి, ప్రశ్నాపత్రమే కదా అనుకోవద్దు, వాళ్ళ లెటర్ లేకపోతే జర్నల్ తీసుకోదు. ఫారం మీద పెసెల్ నంబరు (ఇక్కడి పౌరుల గుర్తింపు సంఖ్య) రాయించొద్దు, కోడ్ నంబరు ఇచ్చి, ఆ కోడ్ ఎవరిదో తెలిపే లిస్టు వేరే చోట తాళం వేసి పెట్టు, ఇక్కడ రోడో, అదే యూరప్ వాళ్ళ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం (జీడీపీఆర్) విషయంలో హాస్పిటల్ వాళ్ళు చాలా గట్టిగా ఉంటారు. ఖాళీలు వదిలితే ఏం చెయ్యాలన్నది కూడా ముందే ప్లాన్‌లో రాయి, ఆక్స్‌ఫర్డ్ స్కోరులో రెండు ప్రశ్నల దాకా వదిలితే మిగతావాటి సగటు పెట్టొచ్చు, అంతకంటే ఎక్కువైతే ఆ ఫారంకి స్కోరు వెయ్యకూడదు.

ఆపరేషన్ తర్వాత మార్పుని పట్టుకుంటుందా లేదా అన్నది కూడా నీ థీసిస్‌లో ఉండాలి, ముందు ఒకసారి, 6 నెలలకో 12 నెలలకో ఒకసారి. అప్పుడు కూడా "మొత్తం మీద ఎలా ఉంది" అని ఒక విడి ప్రశ్న అడిగి, కొంచెం మెరుగు అన్నవాళ్ళ స్కోరు ఎంత కదిలిందో చూడు. ఆ కదలిక మాస్టారు చెప్పిన 9 పాయింట్ల కంటే తక్కువ వస్తే, ఒక్కో పేషెంటు మీద దాంతో నిర్ణయాలు తీసుకోవద్దని పేపర్లో స్పష్టంగా రాయాలి.

వూచ్_ఫిజియో:
అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్. కమిటీ ఫారం ఈ వారం పెడుతున్నా, లైసెన్స్ మెయిల్ వెళ్ళిపోయింది. జవాబు వచ్చేలోపు క్యూలో ఉన్నవాళ్ళ లిస్టు తయారు చేసి, ఇంటర్వ్యూ ప్రశ్నలు రాసుకుంటా. అక్కా, ఆ చీటీలు పేర్చించే పద్ధతి ఎలా నడిపారో, ఒక్కో పేషెంటుకి ఎంతసేపు పట్టిందో మెసేజ్ చేస్తా, వీలున్నప్పుడు చెప్పండి.

పోజ్నాన్_అక్క:
తప్పకుండా చెయ్యి. కళ్ళద్దాలు తెచ్చుకోమని అపాయింట్‌మెంట్ కాగితం మీదే రాయించు, సగం మంది మర్చిపోయి వస్తారు, అప్పుడు పక్కన కూర్చున్న కొడుకో కూతురో చదివి వాళ్ళే టిక్ పెట్టేస్తుంటారు.